నారు కట్టల మీద కూర్చున్న మనిషి

స్కేలన్నని మట్టిచేసి నెల కాలేదు. అప్పట్నుంచి నాకు ఒకచోట కాలు నిలవడం లేదు. బండి మీద అల్లూరు వైపు పోతుంటే రోడ్డు పక్కన ఏ నారుమడి కనబడినా కాలు దానంతట అదే బ్రేకు మీదికి పోతోంది. దిగుతాను, గెనిమ గట్టు మీద నిలబడి మడి అంతా కళ్లతో వెతుకుతాను, మళ్లీ బండెక్కుతాను. ఇంకో ఫర్లాంగు పోయాక మళ్లీ దిగుతాను. మొన్న ఒక రైతు అడిగేశాడు.

"ఏందన్నా, నారు కొంటావా?"

"లేదు, ఊరికే."

"ఊరికే చూసేదానికి ఇదేమన్నా సినిమానా?"

ఏం చెప్పను? మిగతా నారు కంటే జానెడు పైకి లేచి, పాలిపోయి నిలబడిన మొక్క ఉందేమోనని చూస్తున్నానని చెబితే ఆయనకేం అర్థమవుతుంది?

సమాధుల దగ్గర పాస్టరు గారు నా వైపు తిరిగి, "సంఘపెద్దగా మీరు నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. చెప్పాను. నెమ్మదస్తుడని, ప్రార్థనాపరుడని, మందిరాన్ని ప్రేమించినవాడని. ఎవరి సమాధి దగ్గరైనా సరిపోయే మాటలవి. ఆయన నెమ్మదస్తుడు కానే కాదు. ఆయన ప్రార్థనలో అయిదు మాటలుంటే గొప్ప. మందిరంలో ఆయన కూర్చోగా నేను చూసింది తక్కువ. నేను మాట్లాడుతున్నంతసేపూ ఆడవాళ్ల వరుసలో ఒక అక్క నన్నే చూస్తూ నిలబడింది. ఆమెన్ అనే చోట తల పక్కకి తిప్పుకుంది. ఎందుకు తిప్పుకుందో నాకు తెలుసు.

మా సంఘంలో ఆయన్ని అందరూ స్కేలన్న అనేవాళ్లు. వరి మీద పరిశోధన చేసే ప్రభుత్వ క్షేత్రంలో కూలీగా చేరి, అక్కడే పర్మినెంటయి, రిటైరయ్యాడు. ఆయన పనల్లా మొక్కల్ని కొలవడం. నారు పోసిన దగ్గర్నుంచి కోత దాకా, రోజూ అవే మొక్కల దగ్గరికి పోయి ఎత్తు కొలవాలి, పిలకలు లెక్కపెట్టాలి, పుస్తకంలో రాయాలి. రిటైరయ్యాక కూడా అడుగు పొడవు స్టీలు స్కేలు చొక్కా జేబులోనే ఉండేది. దాని బరువుకి ఏ చొక్కాకైనా జేబు మూల చిరిగి వేలాడుతుండేది.

ప్రసంగం మొదలైన పది నిమిషాలకి లేచి బయటికి పోయేవాడు. పోయి, కిటికీ ఊచల మధ్య మోచెయ్యి పెట్టి అక్కణ్ణుంచి వినేవాడు. కాసేపటికి ఇంకో కిటికీలో తేలేవాడు. "మన స్కేలన్న నా ప్రసంగాన్ని నాలుగు పక్కల నుంచీ కొలుస్తాడు" అని పాస్టరు గారు వేదిక మీదే నవ్వించేవారు. పిల్లలు దగ్గరికొస్తే వాళ్ల చేతిని రెండు వేళ్లతో పైనుంచి కిందికి తడుముతూ, మోచేతి దగ్గరా మణికట్టు దగ్గరా ఆగి, "ఈడో కణుపు, ఈడో కణుపు. నాలాగా ముదిరినాక ప్రతి కణుపూ నొప్పి పుడతాది, సూసుకోండి" అనేవాడు.

సాక్ష్యాల సమయంలో ఏనాడూ లేచి నిలబడలేదు. ఒకసారి నేనే అడిగాను.

"అన్నా, ఇన్నేళ్లలో ప్రభువు నీకు ఒక్క మేలూ చెయ్యలేదా?"

"ఎందుకు చెయ్యలా? చేసినాడు. కొలిచి చెప్తా ఉండు."

గొలుసు ప్రార్థనలో వంతు వస్తే, "ప్రభువా, ఎంత కావాల్నో అంత. ఆమెన్" అనేవాడు. పడుచు పిల్లలు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్లు. నాకు మాత్రం కోపం వచ్చేది. నేను మోకరిస్తే అరగంటకి తక్కువ లేవని మనిషిని. చల్లగానూ వేడిగానూ లేని విశ్వాసమని ఆయన్ని లోలోపలే తీర్పు తీర్చేశాను. పైకి కూడా ఒకసారి అన్నాను, ఇంత పొట్టి ప్రార్థనేంటని. ఆయన నొచ్చుకోలేదు. "అబ్బయ్యా, ఎక్కువైనా జబ్బే, తక్కువైనా జబ్బే. నా ఉద్యోగమంతా నేను సూసింది అదే" అన్నాడు. అప్పుడు నాకది సాకులాగా వినిపించింది.

ఇప్పటికి నాలుగు పంటల కిందటి మాట. కార్తీకంలో వాయుగుండం పట్టింది. పెన్నా కాలవలు పొంగి, నా రెండెకరాల కోసం పోసిన నారుమడి మూడు రోజులు నీళ్లకింద ఉండిపోయింది. నేనూ నా భార్యా ప్లాస్టిక్ పట్ట కప్పుకుని గెనిమ మీద ఉపవాసం ఉండి ప్రార్థన చేశాం. నాలుగో రోజు నీళ్లు తీసేసరికి నారు బతికే ఉంది. బతకడమే కాదు, ముందటికంటే పొడుగ్గా ఉంది. చుట్టుపక్కల మడులు పసుపెక్కి కుళ్లుతుంటే నాది నిలబడింది. ఇంకో వారానికి అక్కడక్కడా కొన్ని మొక్కలు మిగతావాటి తల దాటి జానెడు పైకి పోయాయి. నా కళ్లకి అవి చేతులెత్తి స్తుతిస్తున్నట్టు కనబడ్డాయి.

ఆ ఆదివారం సాక్ష్యం చెప్పాను. నీళ్లు నా మడిని ముంచితే ప్రభువు చెయ్యిపట్టి పైకి లాగాడని చెప్పాను. మందిరం స్తోత్రాలతో మోగిపోయింది. ఆ ఊపులోనే ఇంకో మాట కూడా అనేశాను. ఇందాక చెప్పిన అక్క, రొయ్యల గుంటల పక్కన ఎకరా కౌలుకి చేస్తుంది. అదే వానకి గుంట కట్ట తెగి ఉప్పునీళ్లు పారి, ఆమె నారంతా మాడిపోయింది. మళ్లీ నారు పోసే అదును లేదు. "అక్కకి కావలసిన నారంతా నా మడిలోంచి ఇస్తాను, ఇది నా కృతజ్ఞతార్పణ" అని అందరి ముందూ ప్రకటించాను. ఆమె ఏడ్చింది. నా భార్య ఏడ్చింది. పాస్టరు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

అప్పుడు కిటికీలోంచి ఒక గొంతు.

"నీళ్లు తీసి ఎన్నాళ్లయిందబ్బయ్యా?"

స్కేలన్న. సాక్ష్యం మధ్యలో ప్రశ్న అడగడం మా సంఘంలో ఎవరూ వినలేదు. "ఉష్" అన్నారు ఒకరిద్దరు.

"పది రోజులైందన్నా."

"ఇంకా పెరుగుతుండాయా?"

"దేవునికి మహిమ! ఇంకా పెరుగుతూనే ఉండాయి!" అన్నాను. సంఘమంతా హల్లెలూయ అంది. కిటికీ వైపు చూస్తే ఊచలు మాత్రమే ఉన్నాయి.

సోమవారం పొద్దున్నే సైకిలు గెనిమకి ఆనించి మడిలో దిగాడు. నేను వెళ్లేసరికి స్కేలు పెట్టి కొలుస్తున్నాడు. వందనాలు కూడా చెప్పలేదు.

"మొక్కకి నోరు లేదు గదా అబ్బయ్యా. అయినా లోపల కబుర్లు నడుస్తానే ఉంటాయి. మా సార్లు హార్మోన్లంటారు, నేను కబుర్లంటా. చిగురు నుంచి కిందికి ఒక కబురు పోతాది, 'నేను పెరుగుతుండా, మీరు ఆగండి' అని. అది ఇని పక్కమొగ్గలు నిద్రపోతాయి. ఏరు నుంచి పైకి ఇంకో కబురొస్తాది, 'నేలలో తిండి ఉండాది, లేవండి' అని. పిలకలు లేస్తాయి. నేలలో సత్తవ లేదనుకో, అదే ఏరు 'ఇప్పుడొద్దు' అని ఇంకోటి పంపిస్తాది. ఈ మూడూ కొట్లాడుకోని కొట్లాడుకోని ఒక మాట మీదికొస్తే, అదీ మనం చూసే దుబ్బు."

"అన్నా, ఇదంతా నాకెందుకు చెప్తుండావు?"

"పొడుగు సంగతికి వస్తుండా. నీళ్లలో మునిగితే మొక్కలో పుట్టే ఒక గాలి బయటికి పోలేదు, లోపలే నిలబడిపోతాది. ఆ గాలే కబురు. అది ఆపే కబురు నోరు నొక్కి, సాగదీసే కబుర్ని లేపుతాది. 'ఊపిరి పైన ఉండాది, సాగు' అని. మొక్క సాగతాది. తల బయటపడినాక గాలి ఎల్లిపోతాది, కబురు ఆగిపోతాది. మొక్క కూడా ఆగాల."

"నాది ఆగలేదే."

"అదే నేను నిన్న అడిగింది. ఆగలేదంటే పిలిచేది నీళ్లు కాదు. ఇంకెవడో."

అందరికంటే పొడుగ్గా ఉన్న ఒక మొక్కని పీకి నా చేతిలో పెట్టాడు. చూశాను. అంతవరకూ దూరం నుంచే చూసి మురిశాను, చేత్తో పట్టుకుని చూడలేదు. సన్నగా, పాలిపోయి, ఆకులు పక్కలకి వాలి ఉన్నాయి. నేలలో ఉండాల్సిన వేళ్లు పై కణుపు దగ్గర గాల్లో మొలిచి ఉన్నాయి. మొదలు దగ్గర తెల్లగా, కొంచెం గులాబీ రంగుగా, పిండి రాసినట్టుంది.

"ఇది బూజు. ఇత్తనంతో వచ్చినాది. మొక్క తయారు చేసుకునే సాగదీసే కబురు ఉండాది చూడు, అచ్చం అదే ఈ బూజు కూడా తయారు చేస్తాది. మొక్క తనకి చిటికెడు చేసుకుంటే, ఇది కుమ్మరిస్తాది. మొక్కకి తేడా తెలవదు. సాగతానే ఉంటాది. నాటినాక సగం చస్తాయి. బతికినవి ఎన్ను తీస్తాయి, గింజ ఉండదు."

"అయితే మొక్క తప్పేముందన్నా ఇందులో?"

"ఏం లేదు. చెప్పిన మాట ఇనింది, అంతే."

ఆ మాట నన్ను ఇవాళ్టికీ తిప్పుతోంది. విధేయత మీద నేను ఎన్ని ప్రసంగాలు చేశానో లెక్కలేదు. వినడమే విశ్వాసమని చెప్పాను. గొర్రెలు కాపరి స్వరం ఎరుగుతాయని చిన్న పిల్లలకి కంఠస్థం చేయించాను. పరాయి స్వరం అచ్చం కాపరి స్వరంలాగే ఉంటుందని, అది విన్నవాడు మిగతావాళ్లకంటే జానెడు ఎత్తు కనబడతాడని మాత్రం నాకు ఎవరూ చెప్పలేదు. లేదా చెప్పి ఉంటారు. భుజాలు దాటి ఎత్తున్నవాణ్ణి రాజుగా కోరుకున్న జనం కథ బైబిల్లో నేను నూరుసార్లు చదివాను.

కానీ ఆ పొద్దున నాకు ఇవేవీ తట్టలేదు. తట్టింది ఒక్కటే, సంఘంలో నా మాట.

"పొడుగువి పీకేస్తానన్నా. పొట్టివి అక్కకి ఇస్తాను. ఎవరికీ తెలియాల్సిన పనిలేదు."

"పొట్టిదాంట్లో కూడా ఉండొచ్చు. ఏది ఎట్లా లేస్తాదో నాటినాకే తెలుస్తాది. ఆమెకి ఉండేది ఎకరా. చెప్పు. చెప్పినాక తీసుకుంటాదో మానుకుంటాదో ఆమె ఇష్టం."

"చెప్తాలే."

ఆయన సైకిలెక్కాడు. నేను చెప్పలేదు. మంగళవారమంతా నేనూ నా భార్యా మడిలో దిగి పొడుగు మొక్కలన్నీ ఏరి పారేశాం. మిగిలిన నారు పీకి కట్టలు కట్టాం. చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి. ప్రభువా, వీటిని స్వస్థపరచు అని కట్టకట్టకీ ప్రార్థన చేశాను. నిజంగానే చేశాను. నోరు తెరిచి ఒక్కమాట చెప్పడం కంటే అదే నాకు సులువుగా ఉంది.

బుధవారం అక్క ట్రక్కు ఆటో మాట్లాడుకుని వచ్చింది. కట్టలన్నీ ఎక్కించాం. అప్పుడొచ్చాడు ఆయన. సైకిలు దిగి, నావైపు ఒకసారి చూసి, ఆటో వెనక ఎక్కి నారు కట్టల మీద బాసీపెట్లు వేసుకుని కూర్చున్నాడు.

"ఏందన్నా, నారు మీద కూచున్నావు!" అక్క అరిచింది. "లెయ్, లెయ్. నాటేదానికి కూలోళ్లు కయ్యలో దిగి నిలబడుండారు."

"లేస్తానమ్మా. ఈ అబ్బయ్య నీకో మాట చెప్పాల. చెప్పినాక లేస్తా."

"ఏం మాట?"

"అది ఆయన నోట్లో ఉండాది. నేనెట్లా చెప్పేది?"

ఆటో అబ్బాయి హారన్ కొట్టాడు. "తాతా, నాకు కోవూరులో ఇంకో బాడుగ ఉండాది. మీ ఆటలు దిగి ఆడుకోండి."

"పోనీ నాయనా. నన్ను కూడా తీసుకోనిపో. ఆ మాట చెప్పందే నేను ఈ కట్టల మీద నుంచి లెయ్యను. కయ్యలోకైనా సరే, ఇట్లనే వస్తా."

ప్రసంగంలో పది నిమిషాలు కూర్చోలేని మనిషి రాయిలా కూర్చున్నాడు. ఆయన చెప్పేస్తే బాగుండునని అనుకున్నాను. ఆయన చెబితే నేను కాదనొచ్చు, అవిశ్వాసి మాటలనొచ్చు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. అక్క నా ముఖం చూస్తోంది. నా భార్య నేల చూస్తోంది.

చెప్పాను. బూజనీ, పొడుగు మొక్కలు ఏరేశాననీ, వీటి మీద కూడా నమ్మకం లేదనీ.

అక్క అడిగింది ఒక్కటే. "నీకు ఎప్పుడు తెలిసింది?"

"సోమవారం."

"ఇయ్యాల బుధవారం." చేతికందిన కట్ట మొదలు చూసింది. "నాటేసి ఉంటే, నీ సాక్ష్యం నా కయ్యలో తలెత్తుకోని నిలబడుండేది గదన్నా. పోయినోళ్లూ వచ్చినోళ్లూ చూసి మెచ్చుకోనుండురు."

ఆయన లేచాడు. ఆమె చీర కొంగు దోపుకుని కట్టలన్నీ ఒక్కొక్కటే తనే కిందికి విసిరేసింది. సాయం చెయ్యబోతే, "నువ్వు తాకబాక" అంది.

తర్వాత రెండు రోజులు ఆయన సైకిలూ నా బండీ చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగాయి. నాట్లు అయిపోయిన చోట గెనిమల మీద మిగిలిపోయిన నారు కట్టలుంటాయి. ఒకచోట రెండు, ఒకచోట అయిదు. ఒకటి మసూరి, ఒకటి సన్నాలు, ఒకటి ఏదో వాళ్లకీ తెలియదు. ఆయన ప్రతి కట్టా విప్పి, మొదలు చూసి, కణుపులు తడిమి, బాగుందంటేనే బండెక్కించేవాడు. అంతా ముదురు నారు. అక్క గెనిమ మీద ముగ్గురం కూర్చుని కొనలు తుంచాం. కొన తుంచితే పిలకలు ఎక్కువ లేస్తాయంట గదా అన్నాను, ఏదో ఒకటి మాట్లాడాలని.

"ఎవరు చెప్పినారు? పెరిగే ముడి ఏరు కాడ ఉండాది, మనం తుంచేది ఉత్త ఆకు. పురుగు గుడ్లు పోతాయి, గాలికి పడిపోకుండా ఉంటాది, అంతే. పిలకలు కావాలంటే లోతుగా గుచ్చబాకండి. మొగ్గకి ఎలుతురు తగలాల."

తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పడం ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. పిలక లేచే కారణం కూడా ఆయన దేవుడి ముందు అబద్ధమాడకూడదన్నట్టే చెప్పేవాడు.

ఆ సంవత్సరం అక్క చేను చూసి ఊరంతా నవ్వింది. ఒక పక్క ఎన్ను తీస్తుంటే ఇంకో పక్క ఇంకా పొట్ట మీద ఉంది. "అక్కా, కదంబం కడతావా?" అని ఎగతాళి చేశారు. రెండు విడతలుగా కోసింది. ఏమైనా ఆమె చేను బీడు పడలేదు, గింజ ఇంటికొచ్చింది. నా చేలో, అదే నారు వేళ్లు మందులో ముంచి నాటినా, మూల మూలా జబ్బు మొక్కలు లేచాయి. స్కేలన్న వారానికోసారి వచ్చి, పీకి, కాల్చి పోయేవాడు. నన్నేమీ అడిగేవాడు కాదు.

ఇక మిగిలింది సంఘం. పాస్టరు గారికి చెప్పాను. ఆయన "సంఘం విశ్వాసం బలహీనపడుద్ది. ఆ సంగతి అట్లా ఉండనిద్దాం" అన్నారు. నేను ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు ఒప్పుకున్నాను. కానీ సాక్ష్యం ఉన్నచోట ఉండలేదు. ఎవరో వేరే సంఘంలో చెప్పారు. చిట్టమూరు వైపు కూడికల్లో నన్ను పిలిచి చెప్పమన్నారు. చెప్పాను. మూడు రోజుల నీళ్లు అయిదు రోజులయ్యాయి. ఆశీర్వాదపు విత్తనమని నా వడ్లు అడిగారు. పురుగు పట్టాయనీ, మిల్లుకి తోలేశాననీ ఒక్కొక్కరికీ ఒక్కో అబద్ధం చెప్పి తప్పించుకున్నాను.

ఒకసారి మా మందిరంలోనే, ఎక్కణ్ణుంచో వచ్చిన ప్రసంగీకుల ముందు మళ్లీ చెప్పించారు. ముగిసి బయటికొస్తే చెప్పుల దగ్గర స్కేలన్న నిలబడి ఉన్నాడు.

"ఇంకా పెరుగుతుండాదా అబ్బయ్యా?"

అంతే అడిగాడు. ఎగతాళిగా కాదు. మా మడిలో దిగి కొలిచిన రోజు గొంతే. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ తర్వాత చాలాకాలం ఆయనకి వందనాలు కూడా చెప్పలేదు.

మంచాన పడ్డాడని తెలిసి పోయాను. నడవలేడు. తిరగలేని ఆ మనిషి వేళ్లు మాత్రం మంచం పట్టీ మీద తిరుగుతూనే ఉన్నాయి. ఆ విషయం ఎత్తుతాడనుకున్నాను. ఎత్తలేదు.

"ఆయమ్మ ఈసారి నారు పోసిందా?"

"పోసిందన్నా."

"ఇత్తనాలు మందులో నానబెట్టిందా?"

"కనుక్కుంటాను."

"కనుక్కో."

ప్రార్థన చేశాను. నా అలవాటు కొద్దీ పొడుగ్గా చేస్తున్నాను. సగంలోనే ఆయన "ఆమెన్" అన్నాడు. కళ్లు తెరిచి చూస్తే నవ్వుతున్నాడు. నాకూ నవ్వొచ్చింది. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు, అన్నా, లేచి నిలబడతాను, ఆ సాక్ష్యం వెనక్కి తీసుకుంటాను అని. చెప్పలేదు. మళ్లీ వస్తానన్నాను. ఆ మళ్లీ సమాధి దగ్గరే అయింది.

మొన్న ఆదివారం సాక్ష్యాల సమయంలో నేను లేచాను. పాస్టరు గారు నవ్వుముఖంతో మైకు అందించబోయారు. వద్దని చెయ్యి అడ్డం పెట్టాను.

"ఆ సంవత్సరం నీళ్లలోంచి లేచిన నా నారు మీ అందరికీ తెలుసు" అన్నాను.

"స్తోత్రం" అన్నారు ముందు వరుసలో ఎవరో.

"అది జబ్బు నారు. ప్రభువు లేపింది కాదు. నాకు సోమవారమే తెలుసు."

ఎవరి ముఖంలోనూ ఏమీ మారలేదు. ఎవరికీ వినబడలేదని అప్పుడు అర్థమైంది. కాళ్లకింద చాపకి చెప్పుకున్నాను నేను. ఇంక చెప్పేశాను కదా, కూర్చోవచ్చు కదా అని కూర్చోబోయాను.

ఆడవాళ్ల వైపు నుంచి అక్క లేచింది.

"గట్టిగా చెప్పన్నా" అంది. "ఈడికి ఇనపడలా."

గొంతు పెంచి, మొదటి నుంచి మళ్లీ చెప్పాను.